ఎక్స్‌రేలో నేను చూపించిన నెర్రె

నా జబ్బు పేరు నా నోటితో పలకడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో దాన్ని దుమ్మన్నాను, గ్యాసన్నాను, వయసన్నాను, ఒకసారి దిష్టి అని కూడా అన్నాను. ఇప్పుడు మందులు తగ్గించారు. అన్నం రుచి తెలుస్తోంది. కాబట్టి కుదురుగా కూర్చుని రాస్తున్నాను. కొంత నన్ను నేను నిలబెట్టుకోవడానికి, కొంత నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకుండా ఉండటానికి. ఆ తప్పు నా జబ్బు కన్నా పెద్దది. దాన్ని దాచి మిగతాదంతా రాస్తే ఈ కాగితాలు దండగ.

నా పేరు ఓబులేసు. ఉండేది ప్రొద్దుటూరు. పనిచేసింది చిలమకూరు దారిలో ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో, ఇరవై ఆరేళ్లు. గని నుంచి వచ్చిన బండను కోసి, నీళ్లు పోస్తూ మిషను కింద రుద్ది, నున్నగా చేసి లారీకెక్కించే పని. అందులో నేను మేస్త్రీని. నా అసలు పని చెవితో. ప్రతి బండనూ చిన్న సుత్తితో తట్టి వింటాను. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉంటే గొంతు బొంగురుపోతుంది. అప్పుడు దాన్ని తడిపి ఎండకు ఏటవాలుగా నిలబెట్టి చూస్తే వెంట్రుకంత గీత కనబడుతుంది. నేను ఉందంటే ఉన్నట్టే, లేదంటే లేనట్టే. మా ఓనరు కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

మార్చి

టైల్స్ వచ్చి మా బండను ఒక్క రోజులో పడగొట్టలేదు. మొదట జనం హాల్లో టైల్స్ వేయించుకుని, వంటింటికి మా బండ తీసుకునేవాళ్లు. తర్వాత వంటింట్లోకీ టైల్స్ వచ్చాయి. ఆ తర్వాత వరండాలోకి. చివరికి మాకు పశువుల కొట్టాలు, బట్టలుతికే చోట్లు మిగిలాయి. రెండు షిఫ్టులు ఒకటైంది. వారానికి మూడు రోజులైంది. శివరాత్రి వెళ్లిన వారానికి ఓనరు తన చేత్తోనే మిషను ఆపేశాడు.

"కొన్నాళ్లు చూద్దాం మేస్త్రీ. మల్ల పిలుస్తా" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట అనేటప్పుడు నన్ను కాకుండా మిషనును చూస్తూ అన్నాడు.

మా వరుసలో ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. కొందరు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయారు, కొందరు కలమల్ల కరెంటు ఫ్యాక్టరీకి పోయారు. అక్కడ మాకంటే ముందే వచ్చిన వాళ్లు నిలబడి ఉన్నారు. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే తయారై, క్యారియర్ పట్టుకుని, మూసిన ఫ్యాక్టరీకే పోయేవాణ్ని.

"యాడికి పోతాండావు బావా?" అనేది మా ఈశ్వరమ్మ. నా మేనమామ కూతురే, పెళ్లయి ఇరవై రెండేళ్లయినా బావా అనే పిలుస్తుంది.

"పనికి."

"మూసేసినారు గదా?"

"మిషను తుప్పు పట్టకుండా చూడాల గదా" అనేవాణ్ని.

అక్కడ ఎండిపోయిన తెల్ల బురదను చూస్తూ కూర్చునేవాణ్ని. పదకొండుకే క్యారియర్ విప్పి తినేసేవాణ్ని, చేయడానికి ఇంకేమీ ఉండేది కాదు. మిషను చప్పుడులో బతికినవాళ్ల గొంతు పెద్దది. ఇంట్లో కూడా నేను వీధంతా వినబడేట్టు మాట్లాడేవాణ్ని, అందుకు ఈశ్వరమ్మ తిట్టేది. ఏప్రిల్ నాటికి ఆమె నన్ను రెండోసారి, మూడోసారి "ఏమంటివి బావా?" అని అడగాల్సి వచ్చింది. నా గొంతు ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు.

మే, జూన్

ఛాతీ బరువెక్కింది. లేవగానే గుండెల మీద రెండడుగుల బండ పెట్టినట్టుండేది. పొడి దగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. నోట్లో ఏం పెట్టినా మట్టి తిన్నట్టుండేది. రాళ్ల పనిలో ఉన్నవాడికి ఛాతీ పట్టేస్తే రెండో ఆలోచన రాదు. దుమ్మే.

మా పనిలో దుమ్ముకు మందు బెల్లం. ప్రతి శనివారం ఓనరు అందరికీ బెల్లం పంచేవాడు. దుమ్ము గొంతులోంచి జారిపోతుందని మా నమ్మకం. ఏ డాక్టరూ చెప్పలేదు, మా పెద్దోళ్లు చెప్పారు. ఫ్యాక్టరీ మూసినా ఈశ్వరమ్మ సాయంత్రమయ్యేసరికి నా చేతిలో బెల్లం ముక్క పెట్టేది.

ప్రొద్దుటూరులో ఎక్స్‌రే తీసే చోటికి పోయాను. బెంచీ మీద చోటు లేదు. చూస్తే అందరూ మావాళ్లే. కోత మిషను వాళ్లు, లోడింగ్ వాళ్లు, పక్క ఫ్యాక్టరీ మేస్త్రీ.

"ఏందప్పా, నువ్వు కూడానా?"

"ఏంలేదు మామా, ఈడ పట్టేసినట్టుండాది."

అందరూ ఒకే చోట చెయ్యి పెట్టి చూపిస్తున్నారు. ఇన్నేళ్లు దుమ్ము ఎగిరినంత కాలం మాలో ఎవరూ ఆ బెంచీ మీద కూర్చోలేదు. దుమ్ము ఆగిపోయాక అందరం వచ్చి కూర్చున్నాం. ఇది నాకు ఆ రోజు తట్టలేదు.

డాక్టరు ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూసి, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండాయప్పా, భయం లేదు" అన్నాడు. సంతోషపడాల్సింది పోయి నాకు కోపమొచ్చింది. బయటికొచ్చి ఫిల్మును ఎండకు ఏటవాలుగా పట్టి, బండను చూసినట్టు చూశాను. పక్కటెముకల మధ్య సన్నగా ఏదో గీతలా కనబడింది. ఇరవై ఆరేళ్లు నెర్రెలు పట్టినవాణ్ని, నాకు కనబడింది డాక్టరుకు కనబడలేదనుకున్నాను.

అక్కడితో ఆగకుండా జమ్మలమడుగు పోయాను. అక్కడి పాత ఆసుపత్రి అంటే మా తాతల కాలం నుంచీ గురి. చెట్ల కింద చీటీ పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. లోపల నడివయసు సిస్టరమ్మ ఒకామె రాసుకుంటూ అడిగింది.

"నిద్ర పడతాందా?"

"లేదమ్మా."

"ఆకలి?"

"లేదు."

"ఇంట్లో ఎవరితోనన్నా మాట్లాడతాండావా నాయనా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. యాభై ఏళ్లవాణ్ని, నలుగురి ముందర, చిన్నపిల్లోడిలా ఏడ్చాను. వెనక నిలబడినవాళ్లు చూస్తున్నారు. ఆమె లేచి, "ఈయప్పకు కొంచెం నలతగా ఉండాది, మీరు ముందు పోండి" అని వాళ్లను పంపేసి, తన కుర్చీ నాకు వేసి, తనకోసం తెచ్చుకున్న టీ నా చేతిలో పెట్టింది. నేను తాగేదాకా కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె పేరు కూడా నాకు తెలీదు. ఆ టీని మాత్రం నేను మరిచిపోను.

అక్కడి డాక్టరు ఛాతీలో ఏమీ లేదని, మనసుకు చూసే డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఎక్స్‌రే కవర్లో ఫిల్ము వెనక దాచేశాను.

"ఏమన్నారు బావా?" అంది ఈశ్వరమ్మ.

"దుమ్మంట" అన్నాను.

ఎందుకన్నానంటే, దుమ్ము మర్యాద గల జబ్బు. కష్టపడినవాడికి వస్తుంది. మనసు జబ్బుకు మా వీధిలో ఉన్నది ఒకటే పేరు, పిచ్చి. పైగా రేపు ఫ్యాక్టరీ తెరిస్తే తల చెడిన మేస్త్రీ మాట మీద ఎవడు బండ కొంటాడు?

ఆ రోజు నుంచి ఈశ్వరమ్మ రెండు ముక్కలు బెల్లం పెట్టసాగింది.

ఆగస్టు

ఈశ్వరమ్మ బట్టల దుకాణంలో పనికి కుదిరింది. పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతేయడం. కాళ్లు వాచి ఇంటికొచ్చి, నవ్వుతూ నాకు అన్నం పెట్టేది. ఆ నవ్వే నేను ఓర్చుకోలేకపోయేవాణ్ని. ఒకరోజు డిగ్రీ చదువుతున్న మా కూతురి చేతిలోంచి గ్లాసు జారిపడితే ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను. ఆ పిల్ల ఆ రోజు నుంచి నేనున్న గదిలోకి రావడం మానేసింది. తప్పని తెలుసు. పిలిచి రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా లేదు.

ఒక ఆదివారం ఈశ్వరమ్మ బీరువా మీద దుమ్ము దులుపుతూ ఎక్స్‌రే కవరు దించింది. చీటీ కింద పడింది. కూతురి చేత చదివించుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, పారిపోవడానికి చోటు లేదు.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"రెండు నెల్లు బెల్లం తినిపిస్తి గద బావా నీకు" అంది. "షుగరొచ్చింటే ఏం చేద్దువు?"

నాకు నవ్వొచ్చింది. నెలల తర్వాత మొదటిసారి. ఆమె నవ్వలేదు, కళ్లు తుడుచుకుంటూ "యాడుండాడు ఆ డాక్టరు? పోదాం" అంది.

ప్రొద్దుటూరులో వద్దన్నాను. ఎవరన్నా చూస్తారు. జమ్మలమడుగులోనూ మావాళ్లు తిరుగుతుంటారు. చివరికి పులివెందుల అనుకున్నాం. అక్కడ మాకు తెలిసినవాళ్లు లేరు. ఎవరన్నా అడిగితే పెండ్లికని చెప్పాలనుకున్నాం. నా చేత తెల్ల చొక్కా వేయించింది, తను పట్టుచీర కట్టింది. పులివెందుల పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గది ముందర పట్టుచీర కట్టుకుని కూర్చున్నది ఆమె ఒక్కతే.

బెంచీకి ఆ చివర ఒకాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నా తువ్వాలు దించడు. చివరికి తుమ్మొచ్చి దించాడు. చూస్తే నాగభూషణాచారి. మా పక్క వీధే, నగలు చేసే మనిషి. నాలుగు రోజుల ముందు మా ఇంటి ముందే నిలబడి, కదిరి దేవుడి మొక్కు తీర్చుకోవడానికి పోతున్నానని చెప్పాడు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"పెండ్లికొచ్చినాం" అన్నాను.

"నేను మొక్కుకు" అన్నాడు.

కాసేపటికి ఆయనే మెల్లగా అన్నాడు. "బంగారం రేటు జూస్తివి గదప్పా. చేయించుకునేటోళ్లు లేరు. చేయించుకునేటోళ్లు గూడా మిషను నగలే అడుగుతాండారు. ఏడు నెల్లాయ కుంపటి రాజేసి. పొద్దున కుంపటి ముందర కూర్చుంటా, సాయంత్రం లేస్తా."

నేను ఫ్యాక్టరీ దగ్గర కూర్చుని లేచినట్టే. ఆయన కుంపటి చిన్నది, నా మిషను పెద్దది, అంతే తేడా. నా ఛాతీ మీది బండ కొంచెం పక్కకు జరిగినట్టనిపించింది.

డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. అంతా విని, "చచ్చిపోవాలనిపించిందా ఎప్పుడన్నా?" అని అడిగింది. ఈశ్వరమ్మ పక్కనే ఉంది. నేను తల దించుకుని "రెండుసార్లు" అన్నాను. ఈశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది, మళ్లీ ఇంటికి చేరేదాకా వదల్లేదు.

"ఇది పిచ్చి కాదప్పా" అంది డాక్టరమ్మ. "పని పోతే మనసు జబ్బు పడతాది. నీ ఒక్కనికే కాదు. ఒక ఊర్లో పనులు ఆగిపోతే ఆ ఊరంతా ఇట్లనే పట్టుకుంటాది. ఒకడికి ఛాతీ, ఒకడికి కడుపు, ఒకడు తాగుతాడు, ఒకడు పెండ్లాన్ని కొడతాడు. అందరూ తలా ఒక డాక్టరు దగ్గరికి పోతారు, ఈడికి మాత్రం రారు."

మందులు రాసింది. వెంటనే పనిచేయవని, మధ్యలో మానేయొద్దని చెప్పింది. మూసిన ఫ్యాక్టరీకి పోవడం ఆపమంది. చివర్లో ఇంకో మాట అంది. "నీతో పనిచేసినోళ్లలో ఒక్కరికన్నా ఈ సంగతి చెప్పు. నీకూ మంచిది, వాళ్లకూ మంచిది."

సరేనన్నాను. మందులు తప్పకుండా మింగాను. ఆ ఒక్క పని మాత్రం చేయలేదు.

అక్టోబరు

దసరాకు ప్రొద్దుటూరు ఎంత సందడిగా ఉంటుందో మావైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు ఆ దీపాల మధ్య కూతురితో కలిసి నడిచాను. మందులు పనిచేస్తున్నాయి. ఛాతీ తేలికైంది, గొంతు కొంచెం లేచింది.

మా ఫ్యాక్టరీల వాళ్లందరం కలిసే టీకొట్టు ఒకటుంది. అక్కడ ఆ రోజుల్లో కొత్త అలవాటు మొదలైంది. ఎవరి ఎక్స్‌రే వాళ్లు తెచ్చుకుని ఎండకు పట్టి చూసుకోవడం. "ఇదిగో ఈడ గీత", "అది ఎముక లేప్పా", "ఎముక ఇట్ల వంకరగా ఉంటాదా?" అని వాదనలు. బండ చూడటం తప్ప ఇంకేం తెలియని మనుషులం, దాన్నీ బండలాగే చూశాం. తేలకపోతే నన్ను పిలిచేవాళ్లు. నేను తప్పించుకునేవాణ్ని.

ఒకరోజు మస్తాను వచ్చాడు. పద్నాలుగేళ్లు నా కింద పాలిష్ మిషను నడిపినవాడు. పెద్ద నవ్వు మనిషి, మిషను చప్పుడు దాటి వినబడేది అతని నవ్వు. ఆ రోజు చొక్కా అతని మీద వేలాడుతోంది. చిక్కిపోయాడు, కళ్ల కింద నలుపు. కవరు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు జూడు ఓబులన్నా. డాక్టరు ఏమీ లేదంటాండాడు. ఏమీ లేకుంటే నాకు ఊపిరెందుకు ఆడదు? డాక్టరుకేం తెలుసు, నువ్వు జూస్తే తేలిపోతాది."

ఫిల్మును ఎండకు పట్టాను. అందులో ఏమీ లేదు. నాకు తెలుసు, ఏమీ లేదు. అతనికున్నది నాకున్నదే అని కూడా చొక్కా చూసినప్పుడే తెలుసు. డాక్టరమ్మ చెప్పిన ఆ ఒక్కడు నా ఎదురుగా నిలబడ్డాడు. కానీ చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. ఏమీ లేదంటే, మరి నీకున్నదేంది, నీది చూపించు అంటారు. నెలనెలా పులివెందుల ఎందుకు పోతున్నావంటారు. నా చెవి మీద, కన్ను మీద ఇరవై ఆరేళ్లుగా ఉన్న నమ్మకం పోతుంది.

వేలు పెట్టి చూపించాను. "ఈడ నెర్రె ఉండాది మస్తానూ. దుమ్మే."

అతను తల ఊపాడు. "నాకు తెల్సన్నా" అని, కవరు చంకలో పెట్టుకుని పోయాడు. టీ కూడా తాగలేదు.

ఆ సాయంత్రం నేను మందులు మింగి, అన్నం తిని, హాయిగా పడుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు, కానీ జరిగింది అదే.

నవంబరు

కార్తీకంలో ఒక మధ్యాహ్నం మస్తాను భార్య ఖాదర్‌బీ మా ఇంటికొచ్చింది. గుడ్డలో చుట్టిన చిన్న సుత్తి ఈశ్వరమ్మ చేతిలో పెట్టింది.

"ఓబులన్నకిమ్మన్నాడక్కా. నాకింక పనిలేదు, అన్న దగ్గరుంటే మేలు అన్నాడు."

లోపల గదిలోంచి ఆ మాట విన్నాను. మా పనిలో మేస్త్రీకే కాదు, మిషను నడిపేవాడికీ సుత్తి ఉంటుంది, ఎవరి సుత్తి వాళ్లదే. ఒకరి సుత్తి ఇంకొకరు ముట్టుకోరు, దాని చప్పుడుకు మన చెవి అలవాటు పడి ఉంటుంది. మనిషి పోయాకే అది ఇంకొకరి చేతికి వెళుతుంది. ఇది మా వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఖాదర్‌బీకి కూడా తెలీదు.

"యాడుండాడు?" అన్నాను.

"ఫ్యాక్టరీ దిక్కు పోయినాడన్నా."

చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీశాను. ఫ్యాక్టరీలో లేడు. వెనక పాత గని ఉంది, వానలకు నీళ్లు నిండి ఉంది. దాని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, తలకు గుడ్డ కూడా లేకుండా. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పక్కన కూర్చున్నాను.

"మస్తానూ, నీ ఎక్స్‌రేలో నెర్రె లేదు."

అతను నీళ్లవైపే చూస్తున్నాడు. "నువ్వే జూపిస్తివి గదన్నా."

"అబద్ధం చెప్పినా."

అప్పుడు తిరిగి చూశాడు.

"నాదాంట్లో గూడా లేదు" అన్నాను. "నాకు దుమ్ము లేదు. నాది మనసు జబ్బు. ఆగస్టు నుంచి పులివెందులకు పోతాండా, మనసు డాక్టరు దగ్గరికి. మాత్రలు మింగుతాండా. నాకూ ఊపిరాడల్యా. నాకూ చావాలనిపించింది. నీకుండేది గూడా అదే. చూస్తానే తెల్సింది నాకు. చెప్పడానికి సిగ్గయ్యింది."

జీవితంలో మొదటిసారి నా జబ్బు పేరు నా నోటితో పలికింది అక్కడే.

అతను నా చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నెల పొద్దులు" అన్నాడు. "నెల పొద్దులు నేను నా చావు కోసం ఎదురుజూస్తాంటి. నా పెండ్లాం ముఖం జూడలేక పోతాంటి. నీకు సిగ్గయితే నన్ను సంపుతావా అన్నా?"

చొక్కా వదలకుండానే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎండ నెత్తి మీద మండుతోంది, ఇద్దరం కదల్లేదు.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని అడిగాడు. "పులివెందుల బస్సు ఎన్ని గంటలకు?"

ఇప్పుడు

ఆ మరుసటి రోజు నేనూ, ఈశ్వరమ్మా, ఖాదర్‌బీ కలిసి అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఈసారి ఎవరం పెండ్లి బట్టలు కట్టుకోలేదు. ఆ వారంలోనే టీకొట్టు దగ్గర అందరి ముందర నా ఎక్స్‌రే తీసి ఎండకు పట్టి, ఇందులో ఏమీ లేదు, మస్తానుదాంట్లోనూ ఏమీ లేదు, నేను అబద్ధమాడానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు గ్లాసులు పెట్టేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మళ్లీ ఎవరూ ఏ బండా నా దగ్గరికి తేలేదు, ఏ ఎక్స్‌రేనూ తేలేదు. కానీ తర్వాతి వారాల్లో ఒక్కొక్కరే, వేరే వేరే చోట్ల నన్ను ఆపి, గొంతు తగ్గించి, ఏ రోజు పోవాలి, చీటీ ఎక్కడ రాయించుకోవాలి అని అడిగారు. నాగభూషణాచారి ఇప్పుడు మాతో పాటే ఒకే బస్సులో వస్తాడు. తువ్వాలు భుజం మీదే ఉంటుంది.

దుమ్ము జబ్బు లేదని నేననడం లేదు. రాళ్ల పనిలో ఉన్నవాళ్లకు దుమ్ము చేటే, ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే. కానీ అది డాక్టరు చదవాలి, మేస్త్రీ కాదు. అందులో ఏమీ లేదని తేలితే మీకు జబ్బే లేదని కాదు, ఇంకొక తలుపు తట్టాలని. మీకు తెలిసినవాళ్లు తమ పనిముట్లు తీసి పంచుతుంటే, చెప్పులు కూడా వేసుకోకుండా పోండి.

ఫ్యాక్టరీ తెరవలేదు. తెరుస్తారనుకోవడం కూడా మానేశాను. నేను ఇప్పుడొక ఇనుప సామాను దుకాణంలో కూర్చుంటున్నాను. జీతం తక్కువ, చప్పుడు ఎక్కువ, అది నాకు బాగుంది. మస్తాను నాతో మునుపటిలా మాట్లాడడు. బస్సులో పక్కన కూర్చుంటాడు, కిటికీలోంచి చూస్తుంటాడు. అది అతని హక్కు. సుత్తి నా దగ్గరే ఉండిపోయింది. ఇవ్వబోతే ఒకసారి, "నీ దగ్గరే ఉండనీ, నేనడిగినప్పుడియ్యి" అన్నాడు. నాలుగు నెలలు అడగలేదు. ఆ నాలుగు నెలలూ నేను రోజూ దాన్ని చూసేవాణ్ని. నా మాత్రల సంగతి కంటే, అతను దాన్ని ఎప్పటికీ అడగడేమోనని ఎక్కువ భయపడ్డాను.

ఉగాది వెళ్లిన వారంలో ఒక ఉదయం మా గుమ్మం ముందర బండి ఆగింది.

"నా సుత్తి యాడుండాదన్నా?"

రాజుపాలెంలో ఒక రైతు పశువుల కొట్టంలో బండలు పరిపిస్తున్నాడట, మస్తానును పిలిచాడట. పది రోజుల పని. లోపలికి పోయి సుత్తి తెచ్చిచ్చాను. అతను గుడ్డ విప్పి, చేతిలో ఆడించి, కూర్చుని మా గుమ్మం ముందరి బండను అలవాటుగా రెండుచోట్ల తట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు.

"అన్నా, దీంట్లో నెర్రె ఉండాది."

నేను ఉలిక్కిపడ్డాను.

"నిజంగానే ఉండాదప్పా, నీ మాదిరి చెప్పల్యా" అన్నాడు. "కావల్లంటే నువ్వే తట్టి జూడు."

సుత్తి నాకిచ్చాడు. ఇంకొకరి సుత్తితో నేనెప్పుడూ బండ తట్టలేదు. కూర్చుని తట్టాను. బండ గొంతు బొంగురుగా పలికింది. ఉంది.

ఈశ్వరమ్మ లోపలి నుంచి రెండు బెల్లం ముక్కలు పట్టుకుని వచ్చింది. మేమిద్దరం గుమ్మంలో చెవులు వంచి కూర్చోవడం చూసి నిలబడింది.

"ఆ నెర్రె ఇల్లు కట్టిన్నాటి నుంచీ ఉండాది" అంది. "రోజూ తొక్కుకుంటానే పోతాండాం, ఏం గాలేదు. లెయ్యండి, బెల్లం తినండి."

మస్తాను నవ్వాడు. పెద్దగా, ఒకప్పుడు మిషను చప్పుడు దాటి వినబడినట్టు. నా చేతిలోంచి తన సుత్తి తీసుకుని, బెల్లం నోట్లో వేసుకుని, రాజుపాలెం పనికి పోయాడు.